మూరెడు దూరం

లీమాలో జూన్ రాత్రి.
వాన కాదు, మంచూ కాదు,
గారువా అంటాం మేం దాన్ని.
చొక్కా తడుస్తుంది, నేల తడవదు.

రెండింటికి లారీలొస్తాయి ఆందావైలాస్ నుంచి,
కొండమట్టి ఇంకా వదలని బంగాళాదుంపలతో.
నేను కాటా దగ్గర కూచుంటాను.
బస్తా ఎక్కుతుంది, ముల్లు ఊగుతుంది, నిలుస్తుంది.
చీటీ రాస్తాను: యాభై. యాభై. యాభై రెండు.
పద్దెనిమిదేళ్లుగా రాసే అంకెలవే.

మోసేవాళ్లలో సెనోబియో ఒకడు.
నడుముకి ఎర్ర ఉన్ని పట్టీ, ఏడు చుట్లు,
వాళ్లమ్మ నేసింది. బుగ్గలో కోకా ఆకు.
తెల్లారేసరికి నూట ఇరవై బస్తాలు దించుతాడు.
లెక్క తను పెట్టుకోడు,
నా చీటీల్లో ఉంటుంది.

ఒక ఏడాది యూనివర్సిటీ నుంచి ఒకమ్మాయి వచ్చింది.
మారిలూస్. మెళ్లో కుట్టుపనివాళ్ల టేపు.
సెనోబియో వంగినప్పుడు పక్కన గొంతుక్కూచుని
బస్తా నడిమి నుంచి అతని నడుం కింది పూసదాకా కొలిచింది.
మూరెడు.
"ఆ వంగిన ఒంటిని వెనక నుంచి లాగిపట్టే కండ
పూసకి ఎంత దూరంలో ఉందో తెలుసా?"
రెండంగుళాలని వేళ్లతో చూపించింది.
"మిగతాది నువ్వే చెప్పు సెన్యోరా, నీది కాటా పని."

నాకు చెప్పక్కర్లేదు.
మా నాయనమ్మ తూనిక కోల మీద పెరిగినదాన్ని.
పొడుగు కాడ చివర పావుకిలో గుండు
పొట్టి కాడకి వేలాడే రెండుంబావు కిలోలని ఆపుతుంది.
ఇక్కడ అది తిరగబడింది, అంతే.
బస్తాకి పొడుగు కాడ దొరికింది,
మనిషికి పొట్టిది.
యాభైని తొమ్మిదితో హెచ్చవేశాను.
నాలుగొందల యాభై.
అందులో తల కలపలేదు, భుజాలు కలపలేదు,
కోకా ఆకు కలపలేదు.

అదంతా మోసేది అరచేతిలో సగం లేని ఒక బిళ్ల.
అంచుల్లో ఉల్లిపొరల్లా నారలు,
మధ్యలో జిగురు.

"కడుపుకి ఆనించి ఎత్తమను,
మూరని జానెడు చేస్తే సగం దిగిపోతుంది."
నిజమే. కానీ బస్తాకి చెవులుండవు.
దాని పొట్టే జానెడు దాటి ఉంటుంది,
లారీ లోపలి మూలకి చెయ్యి చాపకుండా అందదు.
"మోకాళ్లు వంచొచ్చుగా?"
సెనోబియో నవ్వాడు:
"నూట ఇరవైసార్లా? అప్పుడు మోకాళ్లకి ఇంకో కాటా తే."

వెళ్లేముందు ఇంకోటి చెప్పింది.
నిద్రలో ఆ బిళ్లలు నీళ్లు తాగుతాయట,
లేవగానే మనిషి గోరంత పొడుగు పెరిగి ఉంటాడట.
ఉబ్బిన బిళ్లతో వంగకూడదు, ఓ గంట ఆగాలి.
ఒంటిగంటన్నరకి లేచినవాడికి
రెండింటి లారీ ముందు
ఏ గంట మిగులుతుంది?
రోజూ పొడుగ్గా వచ్చేవాడు,
రోజూ గోరంత మా దగ్గర దించేసి వెళ్లేవాడు.
దానికి మాత్రం చీటీ లేదు.

ఆగస్టులో జరిగింది. బస్తా కాదు.
ఆఖరి లారీ ఖాళీ అయింది, పట్టీ వదులు చేశాడు.
చిరిగిన గోనెలోంచి ఒక దుంప దొర్లి
నా కాటా కిందికి పోయింది.
ఒంటిచేత్తో, పక్కకి తిరిగి, నాకందిద్దామని వంగాడు.
అలాగే ఉండిపోయాడు,
ఇంకేదో వెతుకుతున్నట్టు.
మెల్లగా అన్నాడు:
"లోపల ఎవరో చీటీ చింపారు."

అతన్ని తోపుడుబండి మీద తీసుకెళ్లాక
ఆ దుంపని కాటా మీద పెట్టాను.
ముల్లు కదల్లేదు.

పదకొండేళ్ల బస్తాల తప్పు
ఒక దుంప నెత్తిన వేశారు అందరూ.
మర్నాడే మేస్త్రీ ఇంకో కుర్రాణ్ణి తెచ్చాడు.
సన్నటి నడుము, పట్టీ తొమ్మిది చుట్లు వచ్చింది.
నేను రాశాను: యాభై. యాభై.
ఈమధ్య చీటీ వెనక పెన్సిల్‌తో రెండో అంకె కూడా వేస్తున్నాను.
ఎవరూ తిప్పి చూడరు.

సెనోబియో ఇప్పుడు గేటు దగ్గర
వేడి మూలికల కషాయం అమ్ముతాడు.
గ్లాసు రెండు చేతుల్తో కడుపుకి ఆనించి పట్టుకుంటాడు.
చాపి ఇవ్వడు.
మనమే దగ్గరికి నడవాలి, ఆ మూరెడూ.